బందరు గ్రహణం, గెలాక్సీల జెట్‌లు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కోస్తా మీదుగా సాగినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఉండగా, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరులో (మచిలీపట్నంలో) మకాం చేసి, సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి, అందులోని ప్రకాశరేఖలను నమోదు చేశాడు. ఐదు తరగతుల తేడాకు వెలుగులో 100 రెట్ల తేడా ఉండేలా 1856లో ఆయనే ప్రతిపాదించిన నక్షత్రాల ప్రకాశ తరగతుల లెక్క నేటికీ చెల్లుతోంది. వర్ణపటం, ప్రకాశ తరగతి లేనిదే గెలాక్సీల సర్వే అడుగు కదలదు.

గెలాక్సీ నడుమనున్న భారీ కృష్ణబిలంలోకి పదార్థం సుడి తిరుగుతూ జారేటప్పుడు ఆ కేంద్రం విపరీతంగా వెలిగితే దానిని క్రియాశీల గెలాక్సీ అంటారు. వీటిలో కొన్ని ఎదురెదురు దిశల్లో కాంతివేగానికి చేరువ వేగంతో చిమ్మే సన్నని ప్లాస్మా ధారలే సాపేక్ష జెట్‌లు. చిక్కంతా ఆ వేగంతోనే వస్తుంది. కాంతివేగంలో 99.5 శాతంతో సాగే జెట్ తన వెలుగులో అధికభాగాన్ని తన దారికి సుమారు 6 డిగ్రీల లోపలికే కుదిస్తుంది కనుక, భూమి వైపు తిరిగినది వందల రెట్లు ప్రకాశిస్తే, పక్కకు తిరిగినది మసకబారుతుంది. దివిసీమ రేవులో చీకటివేళ బ్యాటరీ లైటు ఒడ్డుకేసి తిప్పిన పడవ ఒక్కటే కనబడి, మిగిలినవి ఉన్నట్టే తెలియకపోవడం వంటిదే ఇది.

అందువల్ల ఒక్క జెట్‌ను ఎంత నిశితంగా చూసినా దాని అసలు బలమెంతో, దిశ వల్ల వచ్చిన మెరుపెంతో తేలదు. పై వేగమే నిజమైతే భూమి వైపు తిరిగిన ఒక్కదానికి ఎటో తిరిగినవి సుమారు 200 ఉండాలి. కాబట్టి రెండు గుంపులనూ లెక్కిస్తే ఆ నిష్పత్తే వేగాన్ని పట్టిస్తుంది. ఎటో తిరిగినవాటిని తక్కువ పౌనఃపున్యపు రేడియో సర్వేలు పట్టుకుంటాయి. జెట్ చివర నెమ్మదించి పోగుపడిన ప్లాస్మా అన్ని దిక్కులకూ ఒకేలా ప్రసరించడమే ఇందుకు కారణం. పుణె సమీపంలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్‌జ్ వద్ద చేసిన సర్వే నుంచి 2017లో వెలువడిన జాబితాలో 6 లక్షలకు పైగా రేడియో మూలాలున్నాయి. అమెరికా వీఎల్‌బీఏ యాంటెన్నాలు పదింటితో సాగే మోజావే సర్వే వందల జెట్‌లలోని ప్లాస్మా ముద్దల కదలికను ఏళ్ల తరబడి కొలిచింది. కొన్ని కాంతికంటే పదుల రెట్లు వేగంగా కదిలినట్టు కనబడటం, తమ వెలుగు వెంటే తామూ పరుగెత్తడం వల్ల కలిగే దృష్టిభ్రమ మాత్రమే. అతివేగపు జెట్‌లు నిజానికి అరుదని, ప్రకాశవంతమైన జాబితాల్లో అవే కిక్కిరిసి ఉండటం ఎంపికలోని లోపమని ఈ లెక్కలు తేల్చాయి.

1918లో హీబర్ కర్టిస్ మొట్టమొదట జెట్‌ను గుర్తించిన ఎం 87 గెలాక్సీ కన్యారాశిలో, సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పోగ్సన్ కొలతలో దాని ప్రకాశం ఇంచుమించు 8.6, వేసవి రాత్రి నాగాయలంక చీకటిలో చిన్న దూరదర్శినికి అది మసక మచ్చగా అందుతుంది, జెట్ మాత్రం అందదు.