ప్రశ్నకు తగిన జవాబు: ఐర్లండు నేర్పే పాఠం

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ప్రజాస్వామ్యం అంటే ఓటు అని హైస్కూలు పౌరశాస్త్రంలో చదువుకున్నాం. ఓటు ఐదేళ్లకొకసారి వేస్తాం. మరి ఒక ఓటుకీ ఇంకో ఓటుకీ మధ్య ఉన్న పద్దెనిమిది వందల రోజుల్లో మంత్రిగారిని అదుపులో ఉంచేది ఏది? కోర్టులున్నాయి, పత్రికలున్నాయి, నిజమే. కాని సభలో ప్రతిపక్ష సభ్యుడు లేచి నిలబడి "అయ్యా, ఈ డబ్బు ఎవరికిచ్చారు? ఎందుకిచ్చారు?" అని అడగగలగడం వాటన్నిటికంటె చవకైన ఆయుధం. ఆ ఆయుధం ఎంత పదునైనదో, ఎక్కడ మొద్దుబారుతుందో తెలుసుకోవాలంటే ఐర్లండు దేశపు కథ ఒకటి చూడాలి.

ఐర్లండు మన తెలంగాణ కంటె చిన్న దేశం. జనాభా యాభై లక్షలు దాటింది, అంతే. అయితే దానితో మనకొక చుట్టరికం ఉంది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల ఆలోచన 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం నుంచి తీసుకున్నదే. ఆ రాజ్యాంగం 28వ అధికరణంలో ఒక చిన్న వాక్యం ఉంది. ప్రభుత్వం దిగువసభకు బాధ్యత వహించాలన్నది దాని సారాంశం. ఆ సభ పేరు డాయిల్. సభ్యులను టీడీలంటారు, ప్రధానమంత్రిని టీషక్ అంటారు. మంత్రులను ప్రశ్నించే హక్కుకు వేరు ఆ వాక్యంలోనే ఉంది.

ప్రశ్న వేసే పద్ధతి మన లోక్‌సభ పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. రెండూ బ్రిటిష్ పార్లమెంటు దగ్గర నేర్చుకున్నవే కదా. టీడీ తన ప్రశ్నను ముందుగా రాసి పంపాలి. అది ఆ మంత్రి శాఖకు చెందినదేనా, సమాచారం కోరుతున్నదా లేక ఉపన్యాసం దంచుతున్నదా అని సభాధ్యక్షుని కార్యాలయం పరిశీలిస్తుంది. కొన్నింటికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. మిగిలినవాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. నోటి ప్రశ్నల వరుసను చీటీలు తీసినట్టు లాటరీ వేసి నిర్ణయిస్తారు. ప్రాధాన్య ప్రశ్నలని మరికొన్నింటిని మాత్రం ప్రతిపక్షాలకే కేటాయిస్తారు. నోటి జవాబు వచ్చాక వెంటనే అనుబంధ ప్రశ్న వెయ్యవచ్చు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మొదటి జవాబు గుమాస్తాలు రాసిచ్చిన కాగితం. రెండో ప్రశ్నకు మాత్రం మంత్రిగారు సొంత బుర్ర వాడాలి.

ఇంకో రక్షణ కూడా ఉంది. సభలో అన్న మాటకు టీడీని ఏ కోర్టూ నిలదీయరాదు. అదే మాట బజారులో అంటే పరువునష్టం దావా పడుతుంది. అలాగని నోటికొచ్చినట్టు తిట్టడానికి వీల్లేదు. ఎదుటివాణ్ణి "అబద్ధాలకోరు" అంటే అధ్యక్షుడు ఊరుకోడు, మాట వెనక్కు తీసుకోమంటాడు. అందుచేత మంత్రి అబద్ధమాడాడని అనకుండానే, ఆ సంగతి వినేవాడికి తట్టేలా ప్రశ్న వెయ్యాలి. ఇదొక విద్య.

ఇక కథలోకి వద్దాం. మనకు వరి ఎంతో ఐర్లండు రైతుకు గొడ్లు అంత. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డిమీద గొడ్లు పెరుగుతాయి, వాటి మాంసం ఓడలెక్కి పరదేశాలకు పోతుంది. 1980లలో ఈ వ్యాపారంలో అందరికంటె పెద్దది లారీ గుడ్‌మన్ అనే ఆయన కంపెనీ. ఆ రోజుల్లో ఇరాక్ పెద్ద ఖాతాదారు. కాని ఇరాక్ అప్పటికే ఇరాన్‌తో యుద్ధంలో మునిగి ఉంది, సరుకును అరువు మీద కొంటోంది. డబ్బు తిరిగి వస్తుందో రాదో ఎవరికీ నమ్మకం లేదు. అందుకని ఐరిష్ ప్రభుత్వం ఎగుమతి పరపతి బీమా అనే ఏర్పాటు చేసింది. ఇరాక్ డబ్బు ఎగ్గొడితే ఖజానా నుంచి చెల్లిస్తామని దాని అర్థం. ప్రమాదం ఎక్కువని నిలిపివేసిన ఈ బీమాను, 1987లో కొత్త ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి ఆల్బర్ట్ రెనాల్డ్స్ ఇరాక్‌కు మళ్లీ తెరిచారు.

మా ఊరి లెక్కలో చెబుతాను. ఒక రైతు తన మిరపకాయలు దూరపు బేరగాడికి అరువు మీద ఇచ్చాడనుకోండి. బేరగాడు ఎగవేస్తే పంచాయతీ సొమ్ముతో తీరుస్తానని సర్పంచిగారు హామీ ఇచ్చారనుకోండి. అప్పుడు ఊళ్లోవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంత సొమ్ముకు హామీ ఇచ్చారు? ఊళ్లో ఇంతమంది రైతులుంటే ఒకరిద్దరికే ఎందుకిచ్చారు? అసలు ఆ మిరపకాయలు మన ఊళ్లో పండినవేనా, పొరుగూరి సరుకు మన ఊరి హామీ మీద పోతోందా?

డాయిల్‌లో ప్రతిపక్షం అడిగినవి సరిగ్గా ఈ మూడు ప్రశ్నలే. 1989 ఎన్నికలకు ముందు వర్కర్స్ పార్టీ సభ్యుడు టొమాస్ మక్ గిల్లా, లేబర్ పార్టీకి చెందిన బారీ డెస్మండ్ ఈ సంగతి ఎత్తారు. ఆ ఏడు జూన్ ఎన్నికల్లో గెలిచి వచ్చిన వర్కర్స్ పార్టీ యువ సభ్యుడు ప్యాట్ ర్యాబిట్ దాన్ని అందుకున్నారు. ఈ ర్యాబిట్ పశ్చిమాన మేయో జిల్లా పల్లెప్రాంతం నుంచి వచ్చినవారు. గాల్వే యూనివర్సిటీ కాలేజీలో విద్యార్థి సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసి, తర్వాత దేశంలోని విద్యార్థి సంఘాల సమాఖ్యకు నాయకుడయ్యారు. విద్యార్థి సంఘం సావనీరులో ఈ మాట చెప్పకుండా వదలడం నాకు సాధ్యం కాలేదు.

మేము లాబొరేటరీలో సాల్ట్ అనాలిసిస్ చేస్తాం. తెల్లని పొడిని ఎదురుగా పెట్టుకుని "నువ్వెవరు?" అంటే అది పలకదు. ఒక్కొక్క ద్రావణం కలిపి, అవక్షేపం ఏ రంగులో వచ్చిందో చూసి, ఇదిగో క్లోరైడు, ఇదిగో సల్ఫేటు అని తేల్చుకోవాలి. సభలో ప్రశ్న కూడా ఇంతే. "అవినీతి జరిగిందా?" అని అడిగితే "లేదు" అని మంత్రి కూర్చుంటాడు. ఐరిష్ సభ్యులు అలా అడగలేదు. ఫలానా సంవత్సరం ఇరాక్‌కు పోయిన మాంసం మీద ఎంత బీమా ఇచ్చారు, ఎవరికి ఎంత వాటా అని అంకెలు అడిగారు. ఆ అంకెలను గణాంక శాఖ ప్రకటించిన ఎగుమతి లెక్కల పక్కన పెట్టి చూస్తే రెండింటికీ పొంతన కుదరలేదు. అవక్షేపం రంగు కనిపించింది.

అయినా జవాబు సాఫీగా రాలేదు. వ్యాపార రహస్యమన్నారు. అడిగిన దానికి అడిగినంత మేరకే చెప్పారు. అడగనిది దాటవేశారు. ఆనాటి టీషక్ చార్లెస్ హాహీ అయితే, అడిగేవాళ్లు దేశపు పశుమాంస పరిశ్రమనే దెబ్బతీయజూస్తున్నారని ఎదురు నింద వేశారు. ప్రశ్నించినవాణ్ణి దేశద్రోహిని చేస్తే ప్రశ్న చచ్చిపోతుందనే నమ్మకం ఏ ఒక్క దేశానికీ పరిమితం కాదు గదా.

1989లో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడి, డెస్మండ్ ఓమాలీ పరిశ్రమల మంత్రి అయ్యారు. ఆయన ఫైళ్లు తిరగేసి చూస్తే బీమా కింద పోయిన మాంసంలో మూడోవంతుకు పైగా అసలు ఐర్లండు గణతంత్రపు సరుకే కాదని తేలింది. బీమా రద్దు చేశారు. కంపెనీ ప్రభుత్వం మీద దావా వేసింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, ఆంక్షలు వచ్చాయి, రావలసిన బాకీలు ఆగిపోయాయి. అప్పుల్లో కూరుకున్న కంపెనీ కుప్పకూలకుండా ఉండటానికి సెలవుల్లో ఉన్న డాయిల్‌ను హడావుడిగా పిలిచి కొత్త చట్టమే చేయవలసి వచ్చింది.

1991 మే నెలలో బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం ఒకటి ఈ పరిశ్రమలోని అక్రమాల మీద ఆరోపణలు చేసింది. దాంతో ఒత్తిడి పెరిగి, హైకోర్టు అధ్యక్షుడు జస్టిస్ లియమ్ హామిల్టన్ ఏకసభ్యుడుగా విచారణ ట్రిబ్యునల్ వేశారు. రెండేళ్లకు దగ్గరగా సాక్ష్యాలు నడిచాయి. లాయర్ల ఫీజులకే మిలియన్ల కొద్దీ పౌండ్లు ఖర్చయ్యాయి. అప్పటికి టీషక్ అయిన రెనాల్డ్స్, ఓమాలీ ఒకరి మాట ఒకరు ఖండించుకోవడంతో 1992 చివర ప్రభుత్వమే పడిపోయింది.

ఆ విచారణలో న్యాయమూర్తి ఒక సందర్భంలో అన్న మాట దేశమంతా పాకింది. ఇక్కడ జవాబులు చెప్పిన తీరుగా సభలోనే చెప్పి ఉంటే ఈ విచారణ అవసరమే ఉండేది కాదు, ఎంతో డబ్బూ కాలమూ మిగిలేవి అని దాని భావం. ఒక ప్రశ్న వెయ్యడానికి ఒక తెల్లకాగితం ఖర్చు. దానికి జవాబు చెప్పకపోతే అయ్యే ఖర్చు ఎంతో ఐర్లండు ప్రజలు తమ పన్నులతో కట్టి చూశారు.

న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. 1994లో వచ్చిన నివేదిక, రెనాల్డ్స్ తన దృష్టిలో దేశ ప్రయోజనమనుకున్నదే చేశారని అభిప్రాయపడింది. ప్రతిపక్షం అనుమానించిందంతా రుజువు కాలేదు. అయితే కంపెనీలో పన్ను కట్టకుండా చాటుమాటు చెల్లింపులు జరిగాయని తేల్చింది. బీమా లెక్కల మీద వేసిన ప్రశ్నలకు ఆధారం ఉందని ఫైళ్లే చెప్పాయి. ప్రశ్న అంటే నేరారోపణ కాదు. లెక్క అడగడం, అంతే. జవాబు బాగుంటే మంత్రికే మేలు.

ఈ కథ మరో రెండు విషయాలు తేల్చింది. సభలో చెప్పిన సంగతి మీకెవరు చెప్పారని ట్రిబ్యునల్ టీడీలను బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. కాబట్టి గుట్టు చెప్పిన చిన్న ఉద్యోగికి రక్షణ దొరికింది. కాని అదే కోర్టు 1992లో మంత్రివర్గ సమావేశాల్లో ఏం మాట్లాడుకున్నారన్నది పూర్తిగా రహస్యమని చెప్పి ఇంకో తలుపు మూసింది. దాన్ని కొద్దిగా తెరవడానికి 1997లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి రాజ్యాంగం సవరించారు. అదే ఏడు అక్కడ సమాచార స్వేచ్ఛా చట్టం వచ్చింది. మనకు సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది.

కిందటేడు మా నాన్న ధాన్యం అమ్మబోయిన చోట తేమ శాతం ఎక్కువుందని బస్తాకు ఇంత అని తరుగు తీశారు. "మిషను అంకె ఒకసారి చూపించండి బాబూ" అని అడిగితే "నువ్వు చూసి ఏం చేస్తావ్ పెద్దాయనా, రేపు రా" అన్నారు. అడిగినందుకు మా బస్తాలు వరసలో వెనక్కు పోయాయి. డాయిల్‌లో టీడీకి ఉన్నట్టి రక్షణ ధాన్యం కుప్ప దగ్గర నిలబడ్డ రైతుకు లేదు. తనకు బదులు అడగగలవాడు సభలో ఒకడుండాలని రైతు ఓటు వేసేది అందుకే.

ప్యాట్ ర్యాబిట్ తర్వాత లేబర్ పార్టీ నాయకుడయ్యారు. 2011 నుంచి 2014 దాకా తానే మంత్రిగా ఉండి, ఎదుటి బెంచీల ప్రశ్నలకు జవాబులు చెప్పుకున్నారు. నేటి ప్రశ్నించేవాడు రేపు జవాబుదారీ అవుతాడు, జవాబుదారీ మళ్లీ ప్రశ్నించేవాడవుతాడు. ఈ చక్రం తిరుగుతున్నంతకాలం రెండు పక్షాలూ ప్రశ్నను గౌరవించక తప్పదు.

మిత్రులారా, మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఏటా జమాఖర్చులు చదువుతారు, మనం చప్పట్లు కొట్టి టిఫినుకు పోతాం. ఈసారి ఎవరైనా లేచి "ఈ సావనీరు అచ్చుకు ఎంతయింది? ప్రకటనల మీద ఎంత వచ్చింది?" అని అడగండి. కార్యదర్శిగారు చిరాకు పడకుండా అంకె చెప్పాలి. చెప్పిన అంకె మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి.