పావురము చెప్పు సాక్ష్యము

గుంటూరు మేడల చూరులందును, గుడిగోపురములందును కాపురముండు పావురములను మనము ఉపద్రవముగానే యెంచుచున్నాము. కాని యే కచేరీ దస్త్రములోనూ దొరకని సాక్ష్యమొకటి యవి చెప్పగలవు.

పావురము తాను పుట్టిన పేటను విడిచి దూరము పోదు. మన మంగళ్ళముందు రాలిన గింజలనే తిని, మన కాలువల నీరే త్రాగును. గింజలను నలుగగొట్టుటకై కందనకాయకు చిన్నరాళ్ళు కావలయును గనుక వీథిలోని యిసుకను, పెచ్చులూడిన రంగును గూడ మ్రింగును. వానితో సీసము లోనికి బోవును. నేలపై ప్రాకుచు మట్టిచేతిని నోట బెట్టుకొను పసిబిడ్డకును ఇదియే గతి. న్యూయార్కు నగరమున 2010 మొదలు 2015 వఱకు రోగముతో చిక్కిన 825 పావురముల రక్తమును పరీక్షించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పండితులు 2016లో ఫలితములను ప్రకటించిరి. ఏ పేటల పక్షులయందు సీసము హెచ్చుగా నుండెనో, ఆ పేటల బిడ్డలయందును అది హెచ్చుగానే కానవచ్చెను.

ఇది మనకేల యందురా? సీసము కలిపిన పెట్రోలు మన దేశమున 2000లో నిలిచిపోయినది. సీసము మాత్రము క్రుళ్ళదు, కాలిపోదు. బాటల ప్రక్క మట్టిలోనే నిలిచియుండును. పాత బ్యాటరీలను కరగించుటవలనను, పాతరంగులవలనను మఱికొంత చేరును. మన ప్రత్తి, మిరప చేలకు వేయు ఫాస్ఫేటు ఎరువులలో కాడ్మియము కొంత యుండును. తెగుళ్ళకు చల్లు మందులలో రాగి యున్నది. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు కొందఱి రక్తమున సీసము, నికెలు కనబడెను. పిదప నిపుణులు పురుగుమందుల శేషములవైపు వేలు చూపిరి. ఆ వివాదమును తీర్చుట మా పని కాదు. జనులు పడిపోయిన పిమ్మట రక్తమును తీయుటకంటె, ముందే హెచ్చరిక పొందుట మేలని మాత్రమే మా మనవి.

అందులకు పక్షిని చంపనక్కఱలేదు. ఈక పెరుగునప్పుడు రక్తములోని లోహము దానియందు చేరును. పెరుగుట ముగియగానే రక్తనాళము మూసికొనిపోవును గనుక, ఆ లెక్క యందే నిలిచియుండును. గుంటూరు చేరువనున్న ఉప్పలపాడు చెఱువున గూళ్ళు కట్టు ఎఱ్ఱకాళ్ళ కొంగల, గూడబాతుల పిల్లల యీకలు చుట్టుప్రక్కల నీటి చేపల సంగతి చెప్పును. దేశములు తిరుగు పెద్దపక్షుల యీక యంత నమ్మదగినది కాదు. పైనంటిన ధూళిని కడిగియే పరీక్షింపవలయును. పట్టణపు సంగతికి పావురములును, పిచ్చుకలును చాలును.

నాగార్జున విశ్వవిద్యాలయమును, లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రమును మన యింటిముంగిటనే యున్నవి. అటవీశాఖ యనుమతితో ఏటేట యీకలను సేకరించి, పేటలవారీగా ఫలితములను ప్రకటించుట వారికి దుస్సాధ్యము కాదు. పురపాలక సంఘములు వ్యయమును భరింపవలయును; భూస్వాములు తమ చెఱువులను చూపవలయును. బిడ్డకు హాని చేయనంతటి స్వల్పసీస మేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మిరపకాయ తేమను కొలుచుకొని బేరమాడు మనము, మన బిడ్డల రక్తములోని విషమును కొలువకుండుట న్యాయమా?