అంగుళపు ఆటగాండ్రకు రంగులు

పాఠశాల ప్రదర్శనములో ఫుట్‌బాల్ మైదానపు నమూనా ఉంచినప్పుడు చూచువారు మొదట బొమ్మలకడనే ఆగుదురు. పచ్చిక పచ్చగానే యుండును. గోలుకంబములు సరిగానే నిలుచును. కాని పక్కగీత వెలుపల బల్లమీద కూర్చున్న ఆటగాండ్రు మాత్రము దేనినో చూచి ఉలికిపడినట్లు కన్నులు పెద్దవి చేసికొని యుందురు. రంగు వేసిన విద్యార్థికి శ్రద్ధ లేక కాదు. ఆ శ్రద్ధయే చిక్కు తెచ్చినది. ఎట్లో చూతము.

మన నమూనా నిజమైన దానిలో 72వ వంతు అనుకొందము. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానము 146 సెంటీమీటర్లు, 94 సెంటీమీటర్లుగా తగ్గి ఒక బల్లమీద ఇముడును. 175 సెంటీమీటర్ల మనిషి 24 మిల్లీమీటర్లు, అనగా సుమారొక అంగుళము అగును. బంతి 3 మిల్లీమీటర్లు. చిన్న ధనియపు గింజ చాలును.

ఈ బొమ్మను 30 సెంటీమీటర్ల దూరమునుండి చూచుటయు, నిజమైన మనిషిని 21.6 మీటర్ల దూరమునుండి చూచుటయు ఒక్కటే. రెండును కంటివద్ద ఒకే కోణమును కల్పించును. మంచి చూపు గల కన్ను డిగ్రీలో సుమారు 60వ వంతు కోణమువరకు వివరములను విడదీయగలదు. 21.6 మీటర్ల దూరమున ఆ కోణమునకు సరియగు కొలత 6 మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ. తెరచిన కంటి ఎత్తు సుమారు 10 మిల్లీమీటర్లే గదా! కనుక అంతదూరమున కంటిలోని తెలుపు, నలుపు స్పష్టముగ వేరుపడవు. కనుబొమక్రింది నీడ మాత్రమే తోచును.

బొమ్మపై ఆ కంటి ఎత్తు 0.14 మిల్లీమీటరు. మన కుంచె మొన పెట్టిన చుక్క అర మిల్లీమీటరు ఉన్నను, అది 36 మిల్లీమీటర్ల ఎత్తు గల కన్నువంటిది! ఉలికిపాటునకు కారణమిదే. కన్ను చిత్రింపవద్దు, కనుబొమక్రింద పలుచని గోధుమరంగు నీడ గీత ఒకటి చాలును.

అట్లయిన ముఖమునకు, చొక్కాకు రూపము ఎట్లు వచ్చును? నంద్యాలకు దక్షిణమున నున్న ఆళ్లగడ్డ రాతిశిల్పములకు పేరుగన్న ఊరు. అచటి శిల్పులు ఒకే రంగు గల రాతిలో పెదవిని, వస్త్రపు మడతను చూపుదురు. రంగు లేకున్నను ఉలి చేసిన లోతు నీడను తెచ్చును. అంగుళపు బొమ్మకు ఆ సౌకర్యము తక్కువ. నిజముగా ఒక సెంటీమీటరు లోతుండు చొక్కామడత బొమ్మపై 0.14 మిల్లీమీటరే. మనము పూసిన రంగు 0.1 మిల్లీమీటరు మందమున్నచో మడత చాలవరకు పూడిపోవును. ఆటగాడు 7 మిల్లీమీటర్ల మందపు కంబళి కప్పుకొన్నట్లగును. కావున పూత పలుచగా నుండవలెను. పోయిన నీడను కుంచెతో తిరిగి తేవలెను.

కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కఱ్ఱబొమ్మకు ముందుగా సున్నపుపూత వేసి, పిదప రంగులు వేయుదురు. మనమును బొమ్మకు ఒక పలుచని తెల్లపూత వేసి ఆరనిత్తము. పిదప చొక్కారంగును రెండు పలుచని పూతలుగా వేయవలెను. అది ఆరిన తరువాత అదే రంగును కొంత ముదురుచేసి, నీరు ఎక్కువగ కలిపి పూసిన, ద్రవము మడతల పల్లములలోనికి తానే పోవును. అందు ఒక బొట్టు సబ్బునీరు చేర్చినచో తలతన్యత తగ్గి, రంగు బొట్లుకట్టక పారును. చివర లేతరంగు కొంచెమంటిన పొడికుంచెను మిట్టలపై తేలికగా తాకింపవలెను.

తెల్లచొక్కా నీడకు నలుపు వాడరాదు. ఆరుబయట నీడలోనికి నీలాకాశపు వెలుగు వచ్చును. అందుచే ఆ నీడ కొంత నీలిగా నుండును. మెరుగురంగులును తగవు. బట్ట గరుకుతలము వెలుగును నలుదిక్కులకు వెదజల్లును; నున్నని పూత అద్దమువలె ఒక దిక్కునకే పంపును. మెరుపు బూట్లకు మాత్రము ఉంచుడు. వెలుగు వచ్చు దిక్కును ముందే నిర్ణయించి, బొమ్మలన్నిటికి నీడను ఒకే ప్రక్కన వేయుట మరువరాదు.

ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగముగ చేయింపవచ్చును. నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని పాఠశాల మైదానమున సాయంకాలము టేపుతో 21.6 మీటర్లు కొలిచి, ఆ చివర ఒక విద్యార్థిని నిలుపుడు. తక్కినవారు అతనిలో తమకు కనబడినదే వ్రాయవలెను; తమకు తెలిసినది వ్రాయరాదు. బూటు లేసు, గుండీ, కనురెప్ప ఎందరి జాబితాలో చేరునో చూడుడు. ఆ జాబితాలో లేనిది బొమ్మపైనను ఉండనక్కరలేదు. తెలిసినదానిని, కనిపించినదానిని వేరుచేయుట అంగుళపు బొమ్మకే కాదు, సూక్ష్మదర్శినిలో చూచి పటము గీయు విద్యార్థికిని మొదటి పాఠము.