గొడుగు కుంపటి

2023వ సంవత్సరము డిసెంబరు మాసమున మా తమ్మునికి కుమార్తె కలిగినందున, మా అమ్మయు మేమును అమెరికాలోని డల్లాసు నగరమునకు పోయి కొంతకాలముంటిమి. మా ఇంటివారు బడి విడిచి రాజాలక ఇచటనే యుండిపోయిరి. బారసాలకు నలువదిమంది రానుండిరి. ఇల్లు చాలదు. పెరటిలో కూర్చుండబెట్టుదమన్నచో ప్రొద్దు క్రుంకగనే చలి ఎముకలు కొరుకుచుండెను. అందుచే తమ్ముడు ప్రొపేన్ గ్యాసుతో మండు హీటరు నొకదానిని తెప్పించెను. మనిషి కంటె ఎత్తైన స్తంభము, దాని కొనను జల్లెడ వంటి తొడుగులో మంట, ఆ పైని వేడిమిని క్రిందికి త్రిప్పు వెడల్పైన అల్యూమినియపు గొడుగు. మా అమ్మ చూచి, "ఇది గొడుగు కుంపటి" అనినది. ఆ పేరే నిలిచినది.

పెట్టె విప్పగా పీఠము, స్తంభము, గొడుగు రేకులు, మరలు వేరువేరుగ నుండెను. తమ్ముడును అతని మిత్రుడును, కూడ వచ్చిన పుస్తకమును మూలకు త్రోసి పానా చేతబట్టిరి. పుస్తకమును మొదటినుండి తుదివరకు చదివిగాని మూయరాదని మా తాతగారు అమరకోశము చెప్పునాడు పెట్టిన నియమ మొకటి మాకు మిగిలియున్నది. ఆ పుణ్యమున మూడు పొరపాట్లు తప్పినవి. మరలన్నియు రంధ్రములలో వదులుగా నెక్కించి, స్తంభము నిలువుగా నున్నదని చూచుకొనిన పిమ్మటనే బిగింపవలెను. ఒక్కొక్కటే బిగించుచు పోయినచో చివరిది కుదరదు. మంచపు పట్టెలు బిగించిన వారెవరికైన నిది తెలియును. గొడుగు రేకులకు పలుచని ప్లాస్టిక్ పొర అంటియుండును, దాని నొలిచివేయవలెను. తమ్ముడు దానిని మెరుగనుకొనెను! ఇక పీఠము లోపల బోలు. అందులో నీరు గాని ఇసుక గాని నింపవలెను. తల బరువై కాలు తేలికైన వస్తువు గాలికి నిలువదు. "నేడు గాలి లేదు గదా అక్కా!" అని వాడనగా, "సాయంకాలపు మాట నీకెట్లు తెలియునురా?" అని నీరు పోయించితిమి.

మన వంటయింటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసుండును. అది ప్రొపేన్, బ్యూటేన్ అను రెంటి మిశ్రమము. బ్యూటేన్ గడ్డకట్టు చలిలో వాయువుగా లేవజాలదు. ప్రొపేన్ యన్ననో సున్నకు 42 డిగ్రీలు దిగువ వరకును లేచును. అందుచే ఆ దేశమున పెరటి హీటర్లకు ప్రొపేన్ వాడుదురు. వారి చిన్న సిలిండరులో తొమ్మిది కిలోలుండును. మంటను పూర్తిగా పెంచినచో అది సుమారు పదిగంటలు వచ్చును.

మన రెగ్యులేటరు నొక్కినచో కూర్చుండును. అచటిది మరవలె చేతితోనే కుడివైపునకు త్రిప్పి బిగించునట్టిది, పానా వేయరాదు. బిగించిన పిదప అగ్గిపుల్ల గీయుటకు పూర్వము, సబ్బునీరు కుంచెతో అతుకులకు పూసి, సిలిండరు మర కొంచెము విప్పి చూడవలెను. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నట్లు. మాకు మొదటిమారు లేచినవి. వెంటనే మర కట్టివేసి, అతుకు విప్పి తిరిగి బిగింపగా నిలిచినవి. మంటతో పరీక్షించుట ప్రాణాంతకము. ప్రొపేన్ గాలికంటె బరువు. నీరువలె పల్లమునకు పారి అచటనే నిలుచును. దానికి స్వతహాగా వాసన లేదు. కారినది తెలియుటకై క్రుళ్లిన కంపు కలుపుదురు. ఆ కంపు తగిలినచో మీట జోలికి పోక, సిలిండరు మర మూసి దూరముగా తొలగవలెను.

వెలిగించునప్పుడు మీట నొక్కి అరనిమిషమైన పట్టుకొనియుండవలెను. మంట ప్రక్క నొక చిన్న లోహపు కొన యుండును. అది వేడెక్కినచో స్వల్పముగా విద్యుత్తు పుట్టి గ్యాసు ద్వారమును తెరచి యుంచును. మంట ఆరినచో ద్వారము తనంతట మూతపడును. హీటరు ఒరిగినచో గ్యాసును ఆపు మీట యొకటి వేరుగ కలదు. కావలివారు ఇద్దరున్నను, మంటకు చుట్టును మూడడుగుల లోపల పమిట గాని తెర గాని యుండరాదు. గొడుగుపైగా పిల్లలు కట్టిన కాగితపు తోరణమును మేమే విప్పించితిమి. వారికి మాపై కోపము వచ్చినది.

రాత్రి ఏడుగంటలకు గాలి లేచి తుంపర ప్రారంభించెను. మరదలి పెదతండ్రిగారు, "దీనిని గ్యారేజిలోనికి లాగి తలుపు సగము దించుదము, అందరము వెచ్చగా భుజింపవచ్చును" అనిరి. యువకు లిద్దరు స్తంభమును పట్టుకొననే పట్టుకొనిరి. పెద్దలకు ఎదురాడుట మా కలవాటు కాదు. కాని ఆ గ్యారేజి గోడ కావలనే బాలింతయు, ఇరువదియొక్క దినముల పసికందును నిద్రించుచుండిరి.

"పెదనాన్నగారూ, అది లోనికి రారాదు" అంటిమి.

ఆయన నవ్వి, "మన ఇండ్లలో కుంపట్లు పెట్టుకొనలేదా అమ్మాయీ?" అనిరి.

బొగ్గు గాని గ్యాసు గాని చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును, దానికంటె రెండువందల రెట్లకు పైబడిన పట్టుతో అది ఆక్రమించును. తలనొప్పి, వికారము, తల తిరుగుట, పిదప తెలివి తప్పుట. నిద్రించువారికి ఈ సూచనలైనను తెలియవు. 2021 ఫిబ్రవరిలో ఆ టెక్సాసు రాష్ట్రముననే మంచుతుఫానుకు కరెంటు పోయినప్పుడు, చలికి తాళలేక ఇండ్లలో బొగ్గుపొయ్యిలు వెలిగించియు, గ్యారేజిలలో జనరేటర్లు నడపియు ఎందరో ఆసుపత్రుల పాలైరి; కొందరు మరణించిరి. అగ్నికి అమరకోశములో వాయుసఖుడని పేరు. ఆ సఖుని బయటికి నెట్టి తలుపు మూసిన గదిలో అతడు మనకు చుట్టము కాడు.

ఇంతయు మేము చెప్పలేదు. చెప్పుటకు నోరు తెరచునంతలో మా అమ్మ ముందుకు వచ్చినది. 2014లో మా మొదటి పురుడు పుష్యమాసమున వచ్చినది. పురిటిగదిలో బాలింతకు చలిగాలి తగులరాదని అమ్మ కుంపటినిండ బొగ్గులు రాజేసి, కిటికీలు బిగించి, గడప సందున గుడ్డలు కుక్కినది. తెల్లవారుజామున మాకు తోడు పండుకొనిన పిన్ని లేవబోయి పడినది. మాకు వాంతులు. పడిన చప్పుడునకు ఎవరో తలుపు తీయుటచే మువ్వురమును బ్రతికితిమి. బాలింతకు గాలి సోకినదని అందరు ననిరి. అమ్మ ఆ కుంపటి మాట ఎన్నడును ఎత్తలేదు, మేమును అడుగలేదు.

ఆ రాత్రి ఆమె తడియుచునే పెరటిలోనికి నడచి, హీటరు మీట ఆపి, సిలిండరు మర బిగించి, "అన్నయ్యగారూ, మా పిల్లను ఒకమారు పొగొట్టుకొనబోయితిని" అని మాత్రమనినది. పెదతండ్రిగారు మారుమాటాడక కుర్చీలు లోనికి మోయ నారంభించిరి.

హీటరు చల్లారినపిమ్మట రెగ్యులేటరు విప్పి, సిలిండరును ఇంటిగోడకు దూరముగా బయటనే నిలువుగా నుంచితిమి. ఇల్లు చాలనందున భోజనములు మూడు పంక్తులైనవి. చివరి పంక్తి లేచునప్పటికి పదిగంటలైనది. వారికి పులిహోర చల్లారిపోయినది.