ఆంగ్లోపాధ్యాయ శిక్షణలో ఉచ్చారణాభ్యాసం – శిక్షాశాస్త్ర దృష్టితో ఒక పరిశీలన

షడంగాలలో శిక్షను ప్రథమంగా పరిగణించడంలో ప్రాచీనుల దూరదృష్టి వ్యక్తమవుతున్నది. గురుముఖం నుండి వెలువడిన ధ్వనినే శిష్యుడు గ్రహిస్తాడు గనుక, అధ్యాపకుని ఉచ్చారణదోషం అతనితో ఆగదు, శిష్యపరంపరకు సంక్రమిస్తుంది. వేదాధ్యయనానికి వర్తించే ఈ సత్యం పరభాషాబోధనకూ వర్తిస్తుంది. తెలుగు మాతృభాషగా గల శిక్షణార్థి ఆంగ్లోచ్చారణను ఏ క్రమంలో అలవరచుకుంటాడు? అతనికి ఎదురయ్యే ప్రతిబంధకాలేవి? మన శిక్షాప్రాతిశాఖ్యలు అతనికి ఏ మేరకు తోడ్పడగలవు? ఈ ప్రశ్నలను స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మన దేశంలో ఈ శిక్షణకు పునాది వేసిన సంస్థలలో హైదరాబాదులోని కేంద్రీయ ఆంగ్ల సంస్థ ప్రముఖమైనది. 1958లో స్థాపితమై, 1972లో విదేశీభాషలను కూడా చేర్చుకొన్న ఈ సంస్థ 2007 నుండి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా కొనసాగుతున్నది. ఇటువంటి శిక్షణలో చిరకాలం ప్రమాణంగా నిలిచినది, డేనియల్ జోన్స్ 1917 నాటి ఉచ్చారణ నిఘంటువులో నమోదు చేసిన దక్షిణ ఇంగ్లండు విద్యావంతుల ఉచ్చారణ. అందులో హల్లులు 24, అచ్చులు 20 అని సాధారణంగా లెక్కిస్తారు. 44 ధ్వనులకు లిపిలో ఉన్న అక్షరాలు 26 మాత్రమే. కాబట్టి వర్ణక్రమాన్ని చూసి ఉచ్చారణను ఊహించడం ప్రమాదకరం. పాణినీయశిక్ష అధమపాఠకులలో లిఖితపాఠకుని కూడా చేర్చిన విషయం ఇక్కడ స్మరణీయం. శిక్షణార్థి మొదట విడిచిపెట్టవలసినది ఈ లిఖితపాఠకత్వాన్నే.

అభ్యాసంలో మొదటి మెట్టు శ్రవణం. చెవి గుర్తించని భేదాన్ని నోరు పలుకలేదు. ఆంగ్లంలో ద్రాక్షాసవాన్ని తెలిపే పదం, తీగను తెలిపే పదం తెలుగు లిపిలో రెండూ 'వైన్' అనే రూపాన్నే పొందుతాయి. మొదటిదాని ఆద్యధ్వనికి పెదవులు రెండూ గుండ్రమవుతాయి. రెండవదానికి క్రింది పెదవి పై దంతాలను ఒరసుకొంటుంది. మన లిపిలో రెండింటికీ వకారం ఒక్కటే గనుక తెలుగువాని చెవి వాటిని ఏకధ్వనిగా గ్రహిస్తుంది. అందుకే శిక్షకులు ఇటువంటి పదాల జంటలను మార్చి మార్చి వినిపించి, భేదం పట్టుబడిన తరువాతనే పలికిస్తారు.

రెండవ మెట్టు స్థానప్రయత్నాల పరిజ్ఞానం. మన తకారం దంత్యం, టకారం మూర్ధన్యం. ఆంగ్లంలోని తత్సమానధ్వని ఈ రెండింటికీ మధ్య, దంతమూలంలో పుడుతుంది. దంతమూలీయమన్న సంజ్ఞ ఋక్ప్రాతిశాఖ్య చదివిన వారికి కొత్తది కాదు. నకార లకారాలను పలికేటప్పుడు తెలుగువారి నాలుక సహజంగా అక్కడికే చేరుతుంది. లకారానికి నిలిపిన చోటనే నాలుకకొనను ఉంచి, వాయువును నిరోధించి విడిస్తే కావలసిన ధ్వని సిద్ధిస్తుంది. అట్లే 'థింక్' అనే పదంలోని మొదటి ధ్వని మన థకారం కాదు. థకారంలో నాలుక దంతాలను పూర్తిగా స్పృశిస్తుంది. ఆంగ్లధ్వనిలో స్వల్పావకాశం మిగిల్చి వాయువును ఒరసుకొని పోనిస్తుంది. స్పర్శాలకు, ఊష్మాలకు గల భేదం తెలిసిన విద్యార్థికి ఈ మాట ఒక్కసారి చెబితే చాలు.

'పిన్', 'స్పిన్' అనే పదాలను పోల్చితే మొదటిదానిలోని పకారం మహాప్రాణచ్ఛాయతోను, రెండవదానిలోనిది అల్పప్రాణంగాను వినిపిస్తుంది. ఆంగ్లేయులు ఈ భేదాన్ని అప్రయత్నంగానే పాటిస్తారు. దానికి పేరు, లక్షణం ముందుగానే తెలిసి ఉండడం మన విద్యార్థికి లభించిన సౌకర్యం.

అచ్చుల విషయంలో మరొక విశేషం కలదు. 'మేక', 'మేకు' పదాలలో ఏకారాన్ని ఒకే గుర్తుతో వ్రాస్తాం. కాని వ్యవహారంలో 'మేక'లోని అచ్చు మరింత వివృతం. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రజ్ఞులు ఆధునికాంధ్రంలో ఈ వివృతాచ్చును గుర్తించారు. 'బ్యాంకు' అన్న పదానికి ఆంగ్లంలో ఉన్నది దాదాపు ఈ అచ్చే, హ్రస్వరూపంలో. లిపిలో లేని ధ్వని తన నోటిలోనే ఉన్నదని తెలిసినప్పుడు శిక్షణార్థికి కలిగే ధైర్యం తక్కువైనది కాదు.

మాతృభాషాసంస్కారం వల్ల కలిగే దోషాలూ ఉన్నాయి. తెలుగు అజంతభాష కావడం వల్ల 'బస్', 'కార్' అన్నవి 'బస్సు', 'కారు' అవుతాయి. తెలుగులో ఈ రూపాలు సాధువులే. ఆంగ్లవాక్యంలో మాత్రం అదనపు అచ్చు దోషం. పదాదిని ఎకారానికి యకారచ్ఛాయ, ఒకారానికి వకారచ్ఛాయ చేరడం కూడా ఇటువంటిదే.

మూడవ మెట్టు బలం, లయ. ఇది అన్నింటికన్న కఠినం. 'రికార్డ్' అన్న పదంలో మొదటి అక్షరంపై బలమిస్తే నామవాచకం, రెండవదానిపై ఇస్తే క్రియ. బలం తప్పిన అక్షరంలోని అచ్చు తరచుగా అస్పష్టమైన హ్రస్వంగా క్షీణిస్తుంది. తెలుగు లయ గురులఘువుల మాత్రలపై నడుస్తుంది. ఆంగ్లలయకు బలాక్షరాలే ఆధారం. ఈ బలాన్ని వైదికోదాత్తంతో సమీకరించడం తగదు. ఉదాత్తం ప్రధానంగా ధ్వని ఆరోహణకు సంబంధించినది. భారతీయుల ఆంగ్లం పరులకు ఏ మేరకు బోధపడుతుందో పరిశీలించి ఆర్. కె. బన్సల్ 1969లో ప్రకటించిన గ్రంథం, పదబలదోషాలను అవగాహనకు ముఖ్యప్రతిబంధకాలలో ఒకటిగా చూపింది. ఒక్కొక్క ధ్వనిని చక్కదిద్దుకొని బలాన్ని ఉపేక్షించేవాని శ్రమ ఫలించదు.

లక్షణజ్ఞానం వేరు, అభ్యాసం వేరు. సూత్రం ఒక గంటలో బోధపడవచ్చు. నాలుక దానికి వశం కావడానికి నెలలు పడుతుంది. శిక్షణార్థి తన పఠనాన్ని ధ్వనిముద్రణ చేసుకొని, ప్రమాణపఠనంతో పోల్చి, తన దోషాలను తానే గుర్తించడం ఇందుకు ఉత్తమసాధనం. తన దోషాన్ని వినగలిగిన వాడే రేపు విద్యార్థి దోషాన్ని వినగలడు.

అయితే లక్ష్యం ఆంగ్లేయుని అనుకరణమా? కాదనే చెప్పాలి. బ్రిటనులో సైతం పై ప్రమాణోచ్చారణ గలవారు అల్పసంఖ్యాకులే. వినేవారికి సుబోధంగా ఉండడమే గమ్యం. పల్లె నుండి వచ్చిన విద్యార్థి యాసను పరిహసించే అధ్యాపకుడు అతని నోటిని మూయిస్తాడు. నోరు మూసుకొన్నవానికి ఏ భాషా రాదు. దోషం చూపవలసిన చోట స్థానం చూపాలి, నవ్వు కాదు. ఈ కార్యంలో ప్రాచ్యకళాశాలాధ్యాపకుల పాత్ర స్వల్పం కాదు. వర్ణసమామ్నాయాన్ని స్థానప్రయత్నపూర్వకంగా బోధించగల వారు ఆంగ్లశిక్షణార్థులకు తొలిపాఠం చెప్పగలరు. మాతృభాష పరభాషోచ్చారణకు శత్రువు కాదు. తెలిసి వాడుకొన్నవానికి అదే మొదటి సోపానం.