అవసరం ఉన్నచోటే మన పని!

“మీరేం చేస్తుంటారండీ?” అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది “ఏమీ లేదండీ, ఇంట్లోనే” అనేస్తాం. తెల్లారి లేచింది మొదలు రాత్రి వంటిల్లు సర్దేదాకా నడుం వాల్చని మనిషి ‘ఏమీ లేదు’ అనడం చిత్రమే! అయినా పిల్లలు కాస్త పెద్దవాళ్ళయి మధ్యాహ్నం పూట ఇల్లు బోసిపోయినప్పుడు ‘నలుగురికీ పనికొచ్చే పని ఒకటి నాకూ ఉంటే బాగుండు’ అనిపించని గృహిణి ఉండదేమో. ఆ వెంటనే ‘ఇప్పుడు నాకెవరిస్తారులే ఉద్యోగం’ అన్న నిరుత్సాహమూ వస్తుంది.

ఉద్యోగం ఎవరిస్తారా అని ఎదురుచూడటం ఒక దారి. చుట్టూ ఏ లోటు ఉందో చూసి, దాన్ని తీర్చే అర్హత సంపాదించుకోవడం రెండో దారి. ఈ రెండో దారిలో నడిచి చూపించిన మన తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఒక్కో లోటు, ఒక్కో మెట్టు

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆవిడ ఆ కాపురం వద్దనుకున్నారు. చిన్నపిల్లగా ఉండగానే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ చెప్పడం మొదలుపెట్టారు. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు హిందీ వచ్చిన వాలంటీర్లు కావాల్సొచ్చారు. ఆ సభల్లోనే ఖద్దరు ప్రదర్శన దగ్గర, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే గుమ్మంలో ఆపేసిన గట్టి పిల్ల ఆవిడ!

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్ళారు. చట్టం అంటే ఏమిటో తెలియక, తమ తరఫున మాట్లాడే దిక్కు లేక మగ్గిపోతున్న స్త్రీలను అక్కడ చూశారు. లా చదవాలన్న పట్టుదల అలా కలిగింది. కానీ అప్పటికి మెట్రిక్ కూడా పాసవలేదు! విడుదలయ్యాక, ఇరవై దాటిన వయసులో, బెనారస్ మెట్రిక్ పరీక్షకు కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టలు లేదంటే, తనలాంటి మరికొందరిని కూడగట్టి తామే హాస్టలు నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు.

తను పడ్డ కష్టం ఇంకొకరు పడకూడదని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించారు. చదువు ఆగిపోయిన స్త్రీలను అక్కడ మెట్రిక్‌కి తయారుచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యాక మరో లోటు కళ్ళబడింది. పల్లెల్లో నర్సులు, మంత్రసానులు, బాలసేవికలు కావాలి. ఆ శిక్షణలో చేరడానికి తగిన చదువున్న స్త్రీలు చాలినంతమంది లేరు. అందుకే 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. చదువు మానేసిన వాళ్ళకి రెండేళ్ళలో పరీక్షకు కూర్చునే అవకాశం వచ్చింది. చూశారా? ఊరికి మనిషి దొరికింది, ఆ మనిషికి బతుకుతెరువూ దొరికింది.

మరి మన సంగతి?

మొదట మీ వీధినే పరికించి చూడండి. బళ్ళో చెప్పింది అర్థంకాక వెనకబడ్డ పిల్లలున్నారా? కూలికెళ్ళే తల్లులకి చంటిపిల్లల్ని చూసుకునే దిక్కు లేదా? బ్యాంకు ఫారం నింపుకోలేని ముసలివాళ్ళున్నారా? అన్నీ మీ ఒక్కరివల్లా కావు. మీకు చేతనైనదీ, రోజూ చేసినా విసుగు పుట్టనిదీ ఒక్కటి ఎంచుకోండి.

తర్వాత దానికి ఏ అర్హత కావాలో కనుక్కోండి. మంచి మనసొక్కటే చాలదు. సర్టిఫికెట్టు లేకపోతే అనుభవానికి కూడా విలువ కట్టరు. పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళకి రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూళ్ళున్నాయి. గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి కొడుకుతో పాటు తల్లీ పరీక్ష రాయవచ్చు. ఇంటర్ పాసైనవాళ్ళకి 1982లో హైదరాబాదులో స్థాపించిన, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంట్లో ఉండే చదువుకోవచ్చు.

అంగన్‌వాడీలు 1975 నుంచి, ఆశా కార్యకర్తలు 2005 నుంచి ఉన్నారు. ఈ రెండింటికీ స్థానిక స్త్రీలనే తీసుకుంటారు. అయితే వయసుకి హద్దులుంటాయి, ప్రకటన వచ్చినప్పుడు జాగ్రత్తగా చదువుకోండి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇచ్చేది గౌరవ వేతనం, పని మాత్రం గౌరవానికి సరిపడా కంటే ఎక్కువే! రిజిస్టర్లు రాయాలి, ఇంటింటికీ తిరగాలి. తెలిసి దిగితే నిలబడగలం.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. “చదువుకుంటాను” అని పొడిగా అంటే “అలాగే” అని ఊరుకుంటారు, చాకిరీ మాత్రం తగ్గదు. “సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా నన్ను పిలవొద్దు. ఆ పూట కూరగాయలు తరగడం, చపాతీలు వత్తడం మీవి” అని వివరంగా చెప్పాలి. అత్తగారితో కూడా కలుపుగోలుగా చెబితే చాలామంది కాదనరు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. ట్యూషన్ చెప్పినా, పసిపిల్లల్ని చూసుకున్నా తగిన రుసుము తీసుకోండి. లేనివాళ్ళ దగ్గర తగ్గించుకోండి. సేవ అన్నంత మాత్రాన ఉచితం కానక్కర్లేదు. నాలుగు రూపాయలు చేతికొచ్చే పనే నాలుగేళ్ళు నిలుస్తుంది.

అన్నీ కుదిరాక మొదలుపెడదామంటే ఏ ఇంట్లోనూ అన్నీ కుదరవు. ముందు బీరువా అడుగునో, ట్రంకుపెట్టెలోనో పడి ఉన్న మీ పాత మార్కుల లిస్టు బయటికి తీయండి. ఎక్కడ ఆగారో అది చెబుతుంది. అక్కణ్ణించే అందుకోండి.