తలకట్టును దిద్దుట

కోలారు జిల్లాలో మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచు, వీధిలో కన్నడ బోర్డులు చదువుచు పెరుగుచున్నారు. ఈ రెండు లిపులును ఒకే పూర్వలిపి నుండి చీలినవి. గ, ద, న వంటి అక్షరముల దేహము నేటికిని దాదాపు ఒక్కటే. భేదము శిరస్సున గలదు. కన్నడ తలకట్టు అడ్డముగా సాగును, తెలుగు తలకట్టు పైకి లేచును. కంప్యూటరుపై బ్యానర్లు, ముఖచిత్రములు వేయు పిల్లలకు ఈ సూక్ష్మము తెలియుట అవసరము.

2001లో గనులు మూతపడినను మన ఊరి పేరు బంగారమును విడువలేదు. కనుక ‘పసిడి’ అను మాటనే తీసికొందము. ‘ప’కు తలకట్టు దేహమును అంటదు, అంటినచో అది ‘వ’ అగును. అందము కొరకు బాలుడొకడు తలకట్టును కొంచెము క్రిందికి లాగినచో పసిడి కాస్త ‘వసిడి’ యగును.

వెక్టర్ చిత్రములో అక్షరము సిరాచుక్కల సముదాయము కాదు. దాని అంచు కొన్ని బిందువులచేతను, వాని నడుమ సాగు వంపులచేతను ఏర్పడును. ఆ బిందువులే నోడ్లు. వానినుండి చాచుకొనిన పిడులు వంపును నిర్ణయించును. ఈ వంపులకు ఫ్రాన్సు దేశపు రెనో మోటారుకార్ల సంస్థలో ఇంజనీరైన పియేర్ బెజియే పేరు వచ్చినది. 1960వ దశకములో ఆయన కార్ల రూపకల్పనకు వీనిని వాడెను.

2003లో వెలువడిన ఇంక్‌స్కేప్ ఉచితముగా లభించును. అందు మాటను టైపుచేసి, ముందుగా ఒక నకలు దాచవలెను. పాత్‌గా మార్చిన పిదప అక్షరదోషమును టైపుచేసి దిద్దుట సాధ్యము కాదు. పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి, అక్షరములు గుంపుగా ఉన్నచో విడదీసి, నోడ్ పరికరమును చేపట్టవలెను. తలకట్టు చుట్టు మౌసుతో పెట్టె గీచినచో అందలి నోడ్లు మాత్రమే ఎంపికయగును. షిఫ్ట్ పట్టి నొక్కిన మరియొక నోడు చేరును. ‘ప’ తలకట్టు విడిగా ఉండును గనుక, దానిపై ఒక నోడును ఎంచి కంట్రోల్, ఏ మీటలు నొక్కిన తలకట్టు నోడ్లన్నియు ఎంపికయగును. అప్పుడు బాణపు మీటలతో మెల్లగా జరుపవలెను, దేహము కదలదు.

అచ్చునకు పంపుటకు ముందు తల్లిదండ్రులారా, ఆ కాగితమును ఇంటిలోని పెద్దలచేత ఒకసారి చదివించుడు. బొమ్మ ఎంత అందమైనదైనను, వారు తడుముకొనకుండ ‘పసిడి’ అని చదివిననే అది మన అక్షరము.